అల్లుడి వెనక చక్రం

రిటైరైన రోజున డ్రిల్లు మాస్టారు మెడలోని విజిల్ తీసి స్కూల్లో ఇచ్చేశారు గానీ, గొంతులో ఉన్నది మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ఆదివారం తెల్లారేసరికి మేడ మీద వాటా తలుపు టకటకా కొట్టి, "అల్లుడుగారూ, కొండలు మనకోసం కిందికి దిగిరావు" అనేవారు.

అల్లుడు పళ్ల సెట్లు చేసే ల్యాబులో పని చేసేవాడు. వారమంతా స్టూలు మీద వంగి కూర్చుని, మంట మీద మైనం కరిగించి చిగుళ్లు దిద్దడం, ముఖం తెలియని మనుషులకి పళ్లు పేర్చడం, ముక్కుకి గుడ్డ కట్టుకుని వాటిని అరగదీయడం. పెళ్లయిన కొత్తలో మామగారి వెంట మొదటిసారి సైకిలెక్కినప్పుడు, సగం ఎత్తులో దిగిపోయి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. ఆ రోజే మాస్టారు అతనికి 'మైనం' అని పేరు పెట్టారు. కాస్త ఎండ తగిలితే చాలు, కరిగిపోతాడని. ఎదురుపడితే మాత్రం అల్లుడుగారూ అనే పిలిచేవారు, మీరు అనే అనేవారు. మర్యాదకి లోటు చేసే మనిషి కాదు.

మాస్టారు ఎంచుకునే దారులు ఎవరూ తొక్కనివి. హైవే అంటే ఆయనకి పడదు. ఊరు దాటి, రాళ్ల క్వారీ పక్కనించి ఎడమకి తిరిగితే, లారీలు రావడం మానేసిన పాత రోడ్డు ఒకటి ఉంది. అది మెలికలు తిరుగుతూ కొండ భుజం మీదికెక్కి, అవతలి లోయలోకి జారిపోతుంది. అక్కణ్ణించి వాగు ఒక పక్క, కొండ ఒక పక్క. ఎంతసేపు తొక్కినా ఒక్క మోటారు చప్పుడు వినపడదు. గొలుసు తిరిగే చప్పుడు, ఎవరి ఊపిరి వాళ్లకి, అంతే. అల్లుడికి ఆ దారుల మీద ఇష్టం పుట్టింది. అదే అతని ఖర్మ. ఇష్టం లేకపోతే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాడు.

"ఇదొక్కటే అల్లుడుగారూ, దీని తరవాత అంతా దిగుడే" అనేవారు మాస్టారు. దాని తరవాత ఇంకో ఎత్తు ఉండేది. పైకి ముందే చేరి, కల్వర్టు గోడ మీద కూర్చుని, అల్లుడు రొప్పుతూ దగ్గరికి వచ్చేసరికి సీసాలో ఆఖరి గుక్క తాగేసి, "అయ్యో, మీకు ఉంచలేదే" అని నొచ్చుకునేవారు.

అదంతా ఓర్చుకోవచ్చు. అసలు ఎక్కుడు ఇంటికొచ్చాక, భోజనాల దగ్గర మొదలయ్యేది. కంచం ముందు కూర్చుని మాస్టారు ఆ రోజు కథ చెప్పేవారు. అల్లుడు సైకిలు దిగి ఎలా నడిచాడో, కుక్క వెంటపడితే ఏమని అరిచాడో, కాళ్లు పట్టేసి గడ్డిలో ఎలా దొర్లాడో, చేతులతో, ముఖంతో, గొంతు మార్చి మరీ చేసి చూపించేవారు. బావమరిది పొలమారేదాకా నవ్వేవాడు. అత్తగారు "చాల్లెండి, పాపం" అంటూనే నవ్వేది. భార్య కూడా నవ్వేది. మొదట్లో భర్త వైపు ఒకసారి చూసి, కాస్త సిగ్గుపడి నవ్వేది. పోనుపోను చూడకుండానే నవ్వడం అలవాటైంది.

"నాన్న సరదాకి అంటారు. నువ్వు మనసులో పెట్టుకోకు" అంది ఒకసారి.

"పెట్టుకోవట్లేదు" అన్నాడు.

పెట్టుకున్నాడు. పాడవకుండా, జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. అల్లుడి పిక్కలు రాయిలా గట్టిపడ్డాయి. ఎత్తుల మీద సైకిలు దిగి నడవడం మానేశాడు. ఆ మార్పు గురించి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు, మాస్టారి కథల్లో మైనం ఎప్పట్లాగే కరుగుతూనే ఉన్నాడు. అయితే ఒక వేసవిలో మాస్టారు ఉన్నట్టుండి, "ఇకమీదట మీరు ముందు పదండి" అన్నారు. ఇది మరో పరీక్ష అనుకున్నాడు అల్లుడు. దిగుడులో కూడా ఆయన దూరం ఉంచకుండా, చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా వస్తుంటే, చిరాకు పడ్డాడు గానీ పైకి ఏమీ అనలేదు.

వర్షాల తరవాతి ఆదివారం. లోయలోకి దిగుతున్నారు. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు సగానికి అడ్డంగా విరిగిపడిన కొమ్మ కనిపించింది. ఎంత దూరాన్నుంచైనా కనిపించేంత పెద్ద కొమ్మ. అల్లుడు పక్కకి తిప్పుకుని వెళ్లిపోయాడు. మాస్టారు నేరుగా దాని మీదికే వెళ్లారు.

వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. పక్కన పడి ఉన్న సైకిలు కోసం అరచేత్తో తారు మీద తడుముతున్నారు.

"కొమ్మ కనపడలేదా మామయ్యగారూ?"

మాస్టారు తడమడం ఆపారు. కింద వాగు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎదురుగా ఉన్నది ఏదీ ఆనట్లేదు" అన్నారు. "మధ్యలో ఒక మసక. చుట్టూ అంచులు మాత్రం తెలుస్తాయి. డాక్టరుకి చూపించుకున్నాను, పోయిన చూపు రాదన్నాడు. మీ వెనక చక్రం పైన ఎర్రలైటు ఉంది కదా, కాస్త ఓరగా చూస్తే అది అందుతుంది. దాన్నే పట్టుకుని వస్తున్నాను." ఆగి, అల్లుడి చెయ్యి కోసం వెతికి పట్టుకున్నారు. "మీ అత్తయ్యకి తెలిస్తే సైకిలు ముట్టుకోనివ్వదు. నాకు ఉన్నదల్లా ఈ దారులే. ఇంట్లో చెప్పకు నాన్నా."

నాన్నా అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. నువ్వు అని కూడా వినలేదు.

"చెప్పను" అన్నాడు అల్లుడు. తన సీసాలో నీళ్లతోనే దెబ్బలు కడిగి, మోచేతికి జేబురుమాలు కట్టాడు. తిరుగుదారంతా నెమ్మదిగా తొక్కుతూ, "కుడి మలుపు", "ముందు గొయ్యి ఉంది", "ఇక్కడ ఇసక" అని చెబుతూ వచ్చాడు. వెనకనించి "ఊఁ" అని వినిపించేది. ఆ దారిలో అంత హాయిగా అతను ఎప్పుడూ తొక్కలేదు.

భోజనాల దగ్గర అత్తగారు మోచేతి కట్టు చూసి, "ఇదేంటండీ?" అంది.

మాస్టారు ముద్ద కలుపుతూ గొంతు సవరించుకున్నారు. "ఏం చెప్పమంటావు. మన అల్లుడుగారు దిగుడులో కొమ్మని చూసి పామనుకున్నారు. గుండె జారి బ్రేకు నొక్కేశారు. ఆయన్ని తప్పించబోయి నేను పడ్డాను. కొమ్మ మాత్రం కాటెయ్యలేదు, పాపం."

బావమరిది పగలబడి నవ్వాడు. అత్తగారు నవ్వింది. భార్య కూర వడ్డిస్తూ, తల ఎత్తకుండా నవ్వింది.

అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. "అసలు కథ నేను చెబుతాను" అన్నాడు.

చెప్పాడు. మాస్టారి లాగే, చేతులతో, ముఖంతో, గొంతు మార్చి. మెడ ఓరగా తిప్పి ఎర్రలైటు వెతుక్కోవడం చూపించాడు. సైకిలు కోసం రోడ్డుని తడమడం బల్ల మీద అరచేత్తో చేసి చూపించాడు. "ఇంట్లో చెప్పకు నాన్నా" అన్నది కూడా అచ్చం ఆయన అన్నట్టే అన్నాడు. బావమరిది ఇదీ సరదాయే అనుకుని మొదట నవ్వాడు. మాస్టారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నమ్మరా?" అంటూ అల్లుడు బావమరిది సెల్‌ఫోన్ తీసి మామగారి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. "ఇదేంటో చెప్పండి మామయ్యగారూ."

మాస్టారు కుడివైపుకి తల తిప్పారు, ఎడమవైపుకి తిప్పారు. అందరూ చూస్తున్నారు.

"చెంచా" అన్నారు.

మర్నాడే అత్తగారు సైకిలుని స్కూలు వాచ్‌మన్‌కి ఇచ్చేసింది. మాస్టారు అడ్డు చెప్పలేదు. సైకిలు గేటు దాటుతున్నంతసేపూ గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"ఆయన అలాగే తిరిగితే ఏ లోయలోనో పడి చచ్చిపోయేవారు. చెప్పడం మంచిదే" అంది భార్య, మేడ మీద గదిలో. "కానీ నాకు విడిగా చెప్పి ఉండొచ్చుగా."

"ఉండొచ్చు."

"మరి?"

"ఇన్నేళ్లూ అందరూ నవ్వారు కదా. ఒకసారి నేనూ నవ్విద్దామనుకున్నాను."

ఆమె ఆ తరవాత దాని గురించి అడగలేదు. వేరే సంగతులు కూడా అడగడం తగ్గించింది. కింద భోజనాల దగ్గర కథలు ఆగిపోయాయి, కంచాల చప్పుడు మిగిలింది. ల్యాబులో ఎవరివో చిగుళ్లు దిద్దుతూ అల్లుడు తన లోపలికి చూసుకునేవాడు, పశ్చాత్తాపం ఏమైనా వచ్చిందేమోనని. రాలేదు. చెంచా అన్నప్పటి ఆ ముఖం గుర్తొస్తే మాత్రం, వద్దనుకున్నా పెదవులు కదిలేవి. దానికి తనే భయపడేవాడు.

ఆదివారాలు ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున క్వారీ దాటాక, పాత రోడ్డు మీద ఇద్దరు మనుషులు ఎదురుగా నడిచొస్తూ కనిపించారు. అత్తగారు మాస్టారి మోచెయ్యి పట్టుకుని ఉంది. అల్లుడు తొక్కడం ఆపాడు. చక్రం కిటకిటమంటూ దానంతట అదే తిరుగుతోంది.

మాస్టారు ఆ చప్పుడు విని ఆగారు. భార్యని రోడ్డు పక్కకి లాగి, వచ్చేవాడికి దారి ఇచ్చారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"నిదానంగా వెళ్లు బాబూ" అని చెయ్యి ఎత్తారు. "మలుపు దగ్గర కంకర పోశారు. చక్రం జారుతుంది."

అల్లుడు బ్రేకు వెయ్యలేదు, మాట్లాడలేదు. పక్కనించి వెళ్లిపోయాడు. అత్తగారు అతన్ని చూసింది. నేరుగా, కళ్లలోకి చూసింది.

"ఎవరే? తెలిసినవాళ్లా?" అని మాస్టారు అడగడం వెనకనించి వినిపించింది.

"కాదు" అంది అత్తగారు.