లివర్‌కే వచ్చి ఉంటే

లివర్‌కే వచ్చి ఉంటే ఎంత బాగుండేది, ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని ఇదే అనుకుంటున్నాను, కన్నతండ్రికి ఇలాంటి కోరిక కోరే కొడుకు ఉంటాడా, కానీ నాన్న దోస్తు మొగిలి మామకు లివర్‌కే వచ్చింది కదా, పేగు క్యాన్సర్ మామూలుగా పాకే చోటికే పద్ధతిగా పాకింది, డాక్టర్లకు తెలిసిన దారి, ఆ ముక్క కోసి తీసేశారు, ఇప్పుడాయన ఆదివారం నాచారంలో మటన్ దుకాణం ముందు లైన్లో నిలబడుతున్నాడు, మా నాన్నకేమో నెత్తికి, జుట్టు కింద చర్మంలోకి, పేగెక్కడ నెత్తెక్కడ, ఇది చాలా అరుదు బాబూ అని ఇందాక రిపోర్టు చూసి డాక్టర్ మెల్లగా చెప్పాడు, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, అరుదు అంటే గొప్పదని బడిలో నేర్చుకున్నాను, ఇవాళ ఆ మాట వింటే కడుపు మండింది, మాకెందుకు అరుదు, అందరికీ వచ్చేదే మాకూ రాకూడదా, ఆటో హబ్సిగూడలో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, ఎవరి నెత్తి చూసినా నెత్తిలాగే ఉంది.

నాన్నదీ మామదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు, ఇద్దరూ మొలలనుకుని నెత్తురు పడటం దాచుకున్నారు, చివరికి చాయ్ తాగుతూ ఒకడు చెబితే రెండోవాడు నీకూ పడుతుందారా అన్నాడట, ఒకే రోజు దవాఖానాకు పోయారు, మందులన్నీ అయిపోతే యాదగిరిగుట్ట మీద తలనీలాలిస్తామని ఒకే మొక్కు మొక్కారు, మందులయ్యాక గుట్టకు పోయి గుండు చేయించుకోవడానికి పక్కపక్కనే కూర్చున్నారు, మా నాన్న చెవి వెనక కత్తి ఆగింది, చిన్న బొడిపె, గాటు పడి నెత్తురొచ్చింది, కత్తి గాటే కదా అని పసుపు అద్దాం, గాటు మానింది గానీ బొడిపె పెరిగింది, పసుపు మళ్లీ అద్దాం, ఆ రోజు పక్కనే మొగిలి మామ గుండు తడిసి సొరకాయలా నున్నగా మెరిసింది, దేవుడొకడే, మొక్కొకటే, మరి ఆ నునుపు ఆయనకెందుకు, ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది, మా ఇంట్లో ఏదైనా పెడతామంటే వద్దనే నాన్న ఆయన ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు, పగలంతా అక్కడే ఉంటాడు, నవ్వడం కూడా అక్కడే, మా వాటా నవ్వు కూడా ఆయనకేనా.

మామ ఇంటి గేటు తీయగానే ఆయన భార్య వెంకటనర్సమ్మ అత్త రా బిడ్డా, ఏమన్నరు దవాఖానల అంది, మంచం మీద నాన్న, మామ ఇద్దరూ ఉన్నారు, నన్ను చూడగానే మొగిలి మామ చేతిలోని పళ్లెం కింద పెట్టేసి ఇయ్యాల నాక్కూడా కడుపుల నొస్తుందిరా ఉపేందరూ అన్నాడు, అబద్ధం, మమ్మల్ని చూసి ఆయన నొప్పి తెచ్చిపెట్టుకోవడం కూడా నాకు కోపమే, నాన్న నా ముఖం చూసి అదేనా అన్నాడు, అదే నాయినా, పేగుదే నెత్తికొచ్చిందంట అన్నాను, ఇక ఎన్ని రోజులని అడుగుతాడు, ఏం చెప్పాలో ఆటోలో ఒక్కసారైనా ఆలోచించలేదే, ఆలోచించిందంతా మామ లివర్ గురించే, కానీ నాన్న నన్ను అడగలేదు, పక్కకు తిరిగి మొగిలీ, జర తల వంచు అన్నాడు, ఏందిరా ఉప్పలయ్యా, పేన్లు సూస్తవా అన్నాడు మామ, నోర్మూసుకో, నాకు నెత్తికొస్తదని ఎవడనుకున్నడు, అందరు నీ కడుపే సూస్తున్నరు, నీ నెత్తి ఎవడు సూడాలె అన్నాడు నాన్న.

మెషీన్‌లో నలిగి గోరు పోయిన నాన్న బొటనవేలు మామ నుదుటి మీద మొదలై మెల్లగా నడినెత్తికి పాకింది, మొలకెత్తిన వెంట్రుకలను పక్కకు తోస్తూ, మామ నవ్వడం మానేశాడు, అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వేలు ఎడమ చెవి వెనక్కి పోయి ఆగింది, అక్కడే తచ్చాడింది, గట్టిగా నొక్కింది, దొరకొద్దు, స్వామీ ఏమీ దొరకొద్దు, ఇదెవరు అడుగుతున్నారు, నేనేనా, వేలు కదిలింది, మెడ దాకా జారింది, ఏం లేదురా, సాఫ్‌గుంది అన్నాడు నాన్న, తన రిపోర్టే మంచిగా వచ్చినట్టు ముఖమంతా విప్పారింది, మామ తల ఎత్తకుండా అలాగే వంగి ఏడుస్తున్నాడు, నాన్న చెయ్యి ఆ తల మీద నుంచి తీయలేదు, అప్పుడు తెలిసింది నాకు, మామ బతకడం మా దగ్గర నుంచి ఎవరో లాక్కుని ఆయనకు పెట్టింది కాదని, మా నాన్నకు చెడిపోకుండా మిగిలింది అదొక్కటేనని.