చెంగి ఒప్పుకోని చుట్టం

మదురై బస్సు దిగి ఆండిపట్టి బజారు దాటేదాకా మణికంఠన్ చంకలోని సంచీ మూలుగుతూనే ఉంది. అందులో కుక్కపిల్ల. కాలేజీలో అతనికి పాఠం చెప్పిన శ్రీరంజని మేడం కోయంబత్తూరు ఫ్లాటుకు మారుతూ "నువ్వైతే బాగా చూసుకుంటావు" అనగానే "సరి మేడం" అనేశాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. మేడం ఏమడిగినా సరి అనడం తప్ప ఆ డిగ్రీలో ఇంకేం అబ్బిందో చెప్పడం కష్టం.

ఇంట్లో అప్పటికే చెంగి ఉంది. ఎర్రమట్టి రంగు, కోంబై జాతి కావలి కుక్క. అవ్వ పాపమ్మాళ్ మంచం కింద దాని మకాం. చెంగి ఉండగా ఆ ఇంటికి కాలింగ్ బెల్ అక్కర్లేదు. వాకిట్లో ఇంటివాళ్లు ఎవరితోనైనా తమిళంలో మాట్లాడితే లేచి నిలబడి ఆ వచ్చిన మనిషిని చూస్తుంది. తమ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మాట్లాడితే, ఎన్నడూ చూడని చుట్టమైనా సరే, తోక ఒకసారి ఆడించి పడుకుంటుంది. ఈ సంగతి హాస్టల్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నవాడు మణికంఠనే.

"రెండు కుక్కల్ని ఊరికే కలపకూడదవ్వా. దానికొక పద్ధతి ఉండాది. ఫోన్లో చూసినా" అన్నాడు.

"పద్ధతిగానే కలుపప్పా. రేపు నీ పెళ్లికీ పనికొస్తుంది" అంది అవ్వ.

పద్ధతి ప్రకారం ముందు వాసన అలవాటు చేయాలి. పిల్లను తుండుతో తుడిచి, ఆ తుండు కాసేపు చెంగి పక్కన వేసి, తీసి తీగ మీద ఆరేశాడు. అది అవ్వ తుండు. సాయంత్రం ఆమె స్నానం చేసి ముఖం తుడుచుకున్నాక గానీ ఆ సంగతి బయటపడలేదు. వాసన అందాల్సినదానికి తప్ప అందరికీ అందింది.

తర్వాత, కొత్త చోట కలపడం. రెండింటినీ కాలువ గట్టు మీదికి తీసుకుపోయాడు. చెంగి పళ్లు చూపించింది. పిల్ల అతని కాళ్ల మధ్య దూరింది. తాళ్లు రెండూ మెలేసుకుని అతను కూలబడిన చోట పేడ ఉంది.

ఇదంతా చేస్తూ పిల్లతో తమిళంలోనే మాట్లాడాడు. "ఇంగ వా కుట్టీ" అని పిలిచేవాడు. మేడం ఇంట్లో పెరిగినది, తెలుగు రాదు కదా పాపం. ఆ మర్యాద తనకే తోచినందుకు లోలోపల మురిసిపోయి, ఇంట్లో వాళ్లనూ అలాగే మాట్లాడమన్నాడు. అవ్వ మీటరు చూడవచ్చిన మనిషిని పలకరించినట్టు ఆ పిల్లతో "వాంగ, ఉక్కారుంగ" అని, రండి కూర్చోండి అని మర్యాద చేసేది.

చెంగి ముద్ద ముట్టడం మానేసింది. నాయన బాలకృష్ణన్ తేల్చేశాడు.

"పాతది పస్తుంటే మనకు కొత్తదెందుకురా? మేలూరు పక్క గ్రానైట్ క్వారీకి కావలి కుక్క కావాలంటాండారు. ఆదివారం మనిషొస్తాడు. ఇచ్చేస్తాం."

"రాళ్లు పేల్చే చోటు నైనా. గొలుసేసి కట్టేస్తారు."

"అట్లైతే నీ పద్ధతేదో బిరీన కానీ."

మణికంఠన్ మళ్లీ వీడియోలు చూశాడు. ఒకావిడ ఇంగ్లీషులో ఓపిక పట్టమంది. ఆమె ఇంటికి ఆదివారం క్వారీ మనిషి రాడు.

ఆదివారం పొద్దున, మేడంకి ఈ మాట ఎలా చెప్పాలా అని వసారాలో గొణుక్కుంటూ ఉండగా, పిల్ల అతని బూటు నోట కరుచుకుని పరుగెత్తింది. ఇంటర్వ్యూల కోసం కొన్న తోలు బూటు. మర్యాద ఎగిరిపోయింది.

"ఒరే ఎదవా, నా బూటురా అది. నీ తాత సొత్తా? తేరా ఇట్లా."

మంచం కింద నుంచి చెంగి లేచింది. అది నేరుగా పిల్ల దగ్గరికి పోయి, చెవి వాసన చూసి, వెనక వాసన చూసి, తోక ఒకసారి ఆడించింది. పక్కనే పడుకుని బూటు రెండో కొస నమలడం మొదలుపెట్టింది.

మణికంఠన్‌కు అనుమానం వచ్చి మెల్లగా "ఇంగ వా కుట్టీ" అన్నాడు. చెంగి మెడ మీద వెంట్రుకలు లేచాయి. "ఇట్లా రారా బుడ్డోడా" అన్నాడు. వెంట్రుకలు అణిగాయి.

పరాయి మనిషిని తెచ్చి నట్టింట్లో పెట్టి, వాడు పరాయివాడేనని పొద్దస్తమానం చెంగికి చెబుతూ వచ్చింది తనే. తను ఇంగ్లీషులో 'సిట్' అని కూర్చోమన్నప్పుడల్లా చెంగి ఎందుకు లేచి నిలబడేదో కూడా అప్పుడే అర్థమైంది. అది మాత్రం ఎవరికీ చెప్పకుండా మింగేశాడు.

"అవ్వా, దీంతో తెలుగే మాట్లాడు."

"మొదటే మాట్లాడుదును గదప్పా. నువ్వే గదా దానికి రాదంటివి" అంది అవ్వ. రెండు ముద్దలు కలిపి పెట్టింది. చెంగి తన ముద్ద తిని, పిల్లది కూడా సగం తినేసింది.

మధ్యాహ్నం క్వారీ మనిషి వచ్చాడు. నాయన వాకిట్లో తమిళంలో పలకరించగానే చెంగి లేచి నిలబడింది. దాని కాళ్ల సందునుంచి బుడ్డోడు కూడా సన్నగా మొరిగాడు. ఆ పొద్దుటిదాకా వాడు విన్నదంతా ఆ భాషే.

నాయన కాసేపు రెండింటినీ చూశాడు. పిల్లను ఇవ్వడం లేదని, కాఫీ తాగి పొమ్మని చెప్పాడు.

సాయంత్రం మేడం ఫోన్ చేసింది. "కుట్టి ఎలా ఉంది? వచ్చే వారం వచ్చి చూసి పోనా?"

"సరి మేడం" అన్నాడు మణికంఠన్.

ఫోన్ పెట్టేశాక గానీ, మేడంకి తెలుగు ఒక్క ముక్క రాదని గుర్తుకు రాలేదు. చెంగి వైపు చూశాడు. దీనికీ ఏదో పద్ధతి ఉండే ఉంటుందని మళ్లీ ఫోన్ తీశాడు.