మూడు చూపుల పాఠం

పేరంటాలు గొంతు మొదటి బల్ల దాటదని బాపట్ల ట్రైనింగు స్కూల్లో అందరికీ తెలుసు. ఇంగ్లీషు బోధన నేర్పే జకరయ్య మాస్టారు వెనక గోడకు ఆనుకుని నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అమ్మా, ఇక్కడ కూడా మనుషులున్నారు" అనేవారు. దాంతో ఆ పిల్ల సిగ్గుపడి ఇంకాస్త మెల్లగా మాట్లాడేది.

ఆమెది అడవులదీవి. తండ్రి నాంచారయ్య పడవ మీద సముద్రానికి పోతాడు. ఆ వాడలో ఆడవాళ్ళు గాలికి ఎదురు నిలబడి కేకేసి మాట్లాడుకుంటారు. అలాంటి చోట నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే పిల్ల ఎలా పుట్టిందని తల్లి సుబ్బమ్మ ఇరుగుపొరుగుతో అని నవ్వుకునేది. మాట తక్కువే గాని, ఏది జరిగినా పక్కన నిలబడి చివరిదాకా గమనించే ఓపిక పేరంటాలుది.

ఆ ఏడు, అంటే అరవై ఏడులో, ఆమెకు కావలసింది ఒక్కటే. సొంత ఊరి బడిలో పంతులమ్మ వేసవి కాగానే మానేస్తోంది. ట్రైనింగు పాసై వస్తే ఆ చోటు పేరంటాలుకే ఇస్తామని పంచాయతీ సమితి వాళ్ళు నాంచారయ్యతో అన్నారు. పాఠం చెప్పే పరీక్ష తప్పిందా, మళ్ళీ ఏడాది ఆగాలి. ఊళ్ళో చోటు ఏడాది ఆగదు.

ఆ పరీక్షకు రెండు కట్టుబాట్లున్నాయి. ఇంగ్లీషు పాఠంలో తెలుగు మాట దొర్లకూడదు. అర్థాన్ని చేతలతోనో వస్తువులతోనో చూపించాలి. ఎవరికి ఏ పాఠమో చీటీలు తీసి తేల్చేవారు. పేరంటాలు చీటీలో మూడు క్రియలు వచ్చాయి: సీ, లుక్, వాచ్.

"మూడూ చూడ్డమే కదే!" అంది ప్రమీల. ఆమె రేపల్లె పాస్టరు గారమ్మాయి, హాస్టల్లో పేరంటాలు పక్క మంచం. "నయం, నాకు బ్రింగూ టేకూ వచ్చాయి. చీపురు తెమ్మంటా, తీసుకుపొమ్మంటా, అయిపోయె. నువ్వు మూడు కళ్ళు బొమ్మ గీసెయ్. ఒకటి అరకన్ను, ఒకటి మామూలు కన్ను, ఇంకోటి గుడ్లగూబది."

అన్నట్టే ప్రమీల అట్ట మీద రంగుపెన్సిళ్ళతో మూడు కళ్ళూ గీసి ఇచ్చింది. బొమ్మ బాగానే ఉంది. దాన్ని చూసి, తను పాఠం చెప్పాల్సిన ఏడో తరగతి పిల్లలకు ఏం తెలుస్తుందో మాత్రం పేరంటాలుకు అంతుపట్టలేదు.

శనివారం తెనాలిలో బండి మారి, రేపల్లెలో బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. ఆమె చేతి సంచీ ఇంకా కింద పెట్టనే లేదు, సుబ్బమ్మ ఇసుకలో ఎండకు పరిచిన కవళ్ళ చేపలను చూపించి, "వచ్చావా? ఇంద కర్ర. కాసేపు చేపలకాడ కూకో, నేను పొయ్యి చూసుకుంటా" అంది.

పేరంటాలు కూర్చుంది. పక్కింటి రత్తాలు పిన్ని, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు చెయ్యి చాపి, "అటు చూడవే పిల్లా, మీ అయ్య పడవేనా అది?" అని కేకేసింది. పేరంటాలు అటు చూసింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు. చూస్తూనే ఉంది. కాసేపటికి ఆ నీళ్ళలోంచి తెరచాప అంచు కంటికి ఆనింది. "ఆఁ, కనపడిందే పిన్నీ" అని ఇటు తిరిగేసరికి, ఒక కుక్క చేపల దగ్గరికి వచ్చేసి మూతి చాస్తోంది. కర్ర ఎత్తింది. కుక్క పారిపోయింది.

పేరంటాలు కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిన్ని చూడమంటే తాను చూపు అటు పంపింది, అది లుక్. తెరచాప తనంతట తానే కంట్లో పడింది, అది సీ. ఇక అమ్మ 'చూడు' అనే మాటే ఎత్తలేదు, చేపలకాడ కూకోమంది. కన్ను అక్కడే ఉంచి, ఏది మీదికొచ్చినా లేవడానికి సిద్ధంగా ఉండడం. అది వాచ్.

సోమవారం పొద్దున తిరుగు ప్రయాణంలో ఆమె సంచిలో పాత పేపరులో చుట్టిన ఎండు కవళ్ళున్నాయి.

ఆ మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లల ముందు ఒకసారి పాఠం చెప్పి చూసుకుంది. చేపల పొట్లం విప్పకుండా వాటి బదులు సుద్దముక్కలు పెట్టి చూపించింది. చివర ట్రైనింగు వాళ్ళందరూ చెప్పే మాటే తనూ చెప్పింది. "రేపు పరీక్షాధికారి గారు వస్తారు. ఆయన గదిలో ఉన్నంతసేపూ ఎవ్వరూ కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. తెలిసిందా?" పిల్లలు చేతులు కట్టుకుని తెలిసిందన్నారు.

మర్నాడు పాఠానికి ముందు జకరయ్య మాస్టారు వరండాలో ఎదురొచ్చి ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చారు.

"ఏంటమ్మా ఆ పొట్లం?"

"బోధనోపకరణం అండి. ఎండు కవళ్ళండి."

"చేపలా! వచ్చింది ఎవరనుకున్నావు? తెనాలి వెంకట్రామయ్య గారు. ఉల్లిపాయ కూడా ముట్టడు మహానుభావుడు! ఆ మూడు కళ్ళ బొమ్మ ఉందిగా, అది తగిలించు తల్లీ."

పేరంటాలు పొట్లం వైపు చూసుకుంది. బొమ్మ తగిలిస్తే ఎవరూ ముక్కు మూసుకోరు. కాని ఎవరికీ ఏమీ తెలియదు కూడా.

"బొమ్మతో వాచ్ రాదండి" అంది.

"ఏంటి? గట్టిగా చెప్పు."

"బొమ్మతో వాచ్ రాదండి మాస్టారూ. చేపలతో వస్తుందండి."

ఇంతలో గంట కొట్టారు.

వెంకట్రామయ్య గారు మొదటి వరస పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నారు. పొట్లం విప్పగానే లేచారు. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, కుర్చీ తనే ఎత్తుకుని, చిట్టచివరి బల్ల వెనక తలుపు పక్కన వేసుకున్నారు. అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డ జకరయ్య మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పేరంటాలు ఆ కుర్చీ దాకా చూసింది. పరీక్షాధికారి చెవులు ఇప్పుడు అంత దూరాన ఉన్నాయి! వేరే దారి లేక, ఒడ్డున నిలబడి పడవలోని మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

"లుక్ ఎట్ ద విండో!"

గది గదంతా కిటికీ వైపు తిరిగింది. పిల్లలకు ఎండా, కొబ్బరిమట్టలూ, గోడ మీద ఆరేసిన ఎర్రచీరా కనిపించాయి. "వాట్ డు యు సీ?" అంటే తలా ఒకటి చెప్పారు. మరొకమారు చూడమంటే మొదట కనపడనివి ఇంకో రెండు దొరికాయి. పాఠం నీళ్ళలో పడవలా సాగిపోయింది. అప్పుడు కవళ్ళను కిటికీ పక్క బల్ల మీద పరిచి, ముందు వరసలో అచ్చమ్మ అనే పిల్లను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి కర్ర ఇచ్చింది. "అచ్చమ్మా, వాచ్ ద ఫిష్." తను నల్లబల్ల మీద రాయడానికి అటు తిరిగింది.

కిటికీ చువ్వల మధ్య కాకి వాలింది. అచ్చమ్మ దాన్ని చూసింది. కాకి కూడా తల వంచి అచ్చమ్మను చూసింది. అచ్చమ్మ కర్ర ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని, కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది. కాకి బల్ల మీదికి దిగి, తీరిగ్గా ఒక చేపను ఎంచుకుని, వచ్చిన దారినే పోయింది.

గది గొల్లున నవ్వింది. పేరంటాలు తిరిగి చూసేసరికి జరగవలసింది జరిగిపోయింది. కళ్ళు విప్పార్చి చూడడమే వాచ్ అనుకుందన్నమాట పిల్ల! నేర్పిందంతా కాకి ఎత్తుకుపోయింది, దాంతోపాటు ఊళ్ళో బడి కూడా. సుద్దముక్క వేళ్ళ మధ్య విరిగింది.

వెనక కుర్చీ కిర్రుమంది. వెంకట్రామయ్య గారు ఉత్తరీయం ముక్కు మీంచి తీయకుండానే ముందుకు వచ్చి, అచ్చమ్మ దగ్గర నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగారు.

"డిడ్ యు సీ ద క్రో?"

"ఎస్ సర్."

"డిడ్ యు లుక్ ఎట్ ఇట్?"

"ఎస్ సర్."

"డిడ్ యు వాచ్ ద ఫిష్?"

అచ్చమ్మ ఒళ్ళో కర్ర వైపు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నో సర్" అంది. ఆపుకోలేక తెలుగులోకి దిగిపోయింది. "లేచి తోలేదాన్నేనండి! తవరు గదిలో ఉంటే కదలొద్దన్నారండి టీచరుగారు!"

వెంకట్రామయ్య గారి ఉత్తరీయం కదిలింది. ఆయన నవ్వుతున్నారని తెలియడానికి పేరంటాలుకు కాస్త సమయం పట్టింది.

"కదలొద్దన్నది మీరేనా?" అన్నారు ఆమె వైపు తిరిగి.

"నేనేనండి. ట్రైనింగులో అందరం అట్లాగే చెబుతామండి. ఆ పిల్లకు మాత్రం చెప్పకుండా ఉండాల్సిందండి."

"ఆ పిల్ల కూర్చునే ఉంది, చూస్తూనే ఉంది. అయినా వాచ్ చెయ్యలేదని దానికే తెలుసు. అంతకన్నా ఏం కావాలి?" ఆయన అచ్చమ్మ చేతిలో కర్ర సరిగ్గా పట్టించి, "ఈసారి తోలెయ్యమ్మా, నేనేం అనుకోను" అన్నారు. తర్వాత ముఖం చిట్లించారు. "కిటికీలు తీయించండి. వాసన భరించలేకపోతున్నా."

"తీసే ఉన్నాయండి" అంది పేరంటాలు. "అందుకే కాకి వచ్చిందండి."

ఆ మాట తలుపు దాకా వినపడింది. ఈసారి జకరయ్య మాస్టారు కూడా నవ్వారు.

తర్వాతి గంట ప్రమీలది, అదే గదిలో. పేరంటాలు బల్లను బూడిద వేసి తోముతుంటే ప్రమీల చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి గొణిగింది. "పరీక్ష నీది, కంపు నాకా? నా బ్రింగూ టేకూ మొదలయ్యేలోపు ముందు నీ కవళ్ళు టేకవే తల్లీ!"

సాయంత్రం హాస్టలు గేటు దగ్గరికి జకరయ్య మాస్టారు సైకిలు మీద వచ్చారు. సైకిలు దిగకుండా కాలు నేలకు ఆనించి, "పాసయ్యావమ్మా. ఆయన నాతో చెప్పకూడదు, నేను నీతో చెప్పకూడదు. కాగితం వచ్చేదాకా ఎవరితోనూ అనకు" అన్నారు.

"ఎవరితో అంటానండి" అంది పేరంటాలు. నిజమే, ఆ పిల్లతో ఆ భయం ఎవరికీ లేదు.

వేసవి సెలవులిచ్చిన రోజు తెనాలిలో రేపల్లె బండి ఎక్కింది. ఎదురు బల్ల మీద కూరగాయల గంపతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బండి కదలగానే ఆవిడ, "ఏ ఊరు పోతున్నావమ్మా?" అని అడిగింది.

"అడవులదీవండి" అంది పేరంటాలు. అక్కడితో ఆగుదామనుకుంది. కిటికీ అవతల పచ్చటి పొలాలు వెనక్కి పరుగెడుతున్నాయి. బండి చప్పుడుకు మాట వినపడదేమోనని ముందుకు వంగి, గొంతు పెంచి, "అక్కడ బళ్ళో టీచర్నండి" అంది.

కాగితం ఇంకా రాలేదు. పెద్దావిడకు ఆ సంగతి తెలియదు గనక, "మంచిదమ్మా" అని చోటిచ్చి పక్కన కూర్చోమంది.