పై వరుస బిళ్లలు

ఫైరింజను కింద పెట్టిన రేకు పళ్లెంలో రాత్రంతా ఎంత నూనె కారిందో వేలు ముంచి చూసుకుని, గుడ్డకు తుడుచుకుని, లామర్ డైట్రిక్ మోకాలి మీద చెయ్యి ఆనించి పైకి లేచాడు. అరవై తొమ్మిదేళ్ల మోకాలు. లేస్తుంటే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఒక సలుపు దిగింది. నిన్న గొట్టాలు చుట్టినందుకేలే అనుకున్నాడు. ఎప్పటిలాగే ఎడమ నుంచి కుడికి ఇంజను చుట్టూ తిరిగి టైర్లు, నీళ్ల తొట్టి, పంపు మీటలు, గొడ్డళ్లు చూసుకుని, స్టార్టు చేసి పది నిమిషాలు ఆడనిచ్చాడు. నలభై మూడేళ్లుగా వారానికి ఆరు పొద్దులు ఇదే పని. అల్లిక మిల్లులో మెకానిక్కుగా ఉన్నన్నాళ్లూ పనికి వెళ్లే ముందు చేసేవాడు. మిల్లు మూతపడి బడిలో బాయిలరు చూసుకునే పని దొరికాకా అంతే. ఇప్పుడు దీని తర్వాత చేయాల్సిన పనేమీ లేదు గనుక నింపాదిగా చేస్తున్నాడు.

మా లెంకర్స్‌గ్యాప్‌లో ఫైర్ కంపెనీ పేరుకే కంపెనీ. జీతం లేదు, లాభం లేదు. సైరను మోగితే చేతిలో పని వదిలేసి పరిగెత్తే ఊరివాళ్ల గుంపు అది. ఇంజను వాళ్లదే, షెడ్డూ వాళ్లదే. ఏటా ఆకులు రాలే కాలంలో మొక్కజొన్న వేసి కోడి సూపు కాచి, అమ్మి, ఇంజనుకు టైర్లు వేయించేదీ వాళ్లే. కానీ ఎక్కడ నిప్పంటుకుంటే ఎవరిని పిలవాలో చెప్పే అధికారం మాత్రం చుట్టుపక్కల ఊళ్ల పాలన చూసే టౌన్‌షిప్ బోర్డుది. బోర్డు తన జాబితాలోంచి కంపెనీ పేరు కొట్టేసిందంటే ఇంజను ఎంత నిగనిగలాడినా ఊరేగింపులకు తప్ప దేనికీ పనికిరాదు. ఆ మధ్యాహ్నం రెండింటికి బోర్డు తేల్చబోతున్నది ఆ సంగతే.

ఇంజను ఆపి లామర్ గోడ వైపు చూశాడు. అక్కడ ఓకు చెక్క పలక, దానికి కొక్కేలు, కొక్కేనికొక ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఇంటిపేరు. ఇంజనెక్కే ప్రతివాడూ తన బిళ్ల తీసుకెళ్లి స్టీరింగు పక్కనున్న ఇనప రింగుకు తగిలించాలి. మంట దగ్గర ఆ రింగు పర్యవేక్షించే అధికారి చేతికి వెళ్తుంది. బయటికొచ్చినవాడు తన బిళ్ల తానే తీసుకోవాలి, ఇంకొకరిది ముట్టుకోకూడదు. రింగున బిళ్ల మిగిలిందంటే మనిషి లోపల ఉన్నట్టే. ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్న పద్ధతి. మా ఊళ్లో ఇంకొకటి కూడా ఉంది. సభ్యుడు పోతే అతని బిళ్లను పలక మీద పై వరుసకు మారుస్తారు. పారేయడానికి ఎవరికి మాత్రం చేతులొస్తాయి? పై వరుసకు చేరినవి ముప్పై ఒకటి, అందులో మూడు కొక్కేలు ఇప్పుడు ఖాళీ. కింది వరుసలో తొమ్మిదే. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు హైవే పక్కన గోడౌన్లలో పనిచేస్తారు. ఫోను లాకర్లో పెట్టి లోపలికి పోయేవాళ్లకు సైరనేం వినపడుతుంది?

రెండేళ్ల కిందట బోర్డు ఒక నిబంధన తెచ్చింది. నలుగురికి తక్కువగా వెళ్లిన ఇంజను అసలు వెళ్లినట్టే కాదు. పుస్తకంలో ‘రాలేదు’ అని రాస్తారు. ఏడాదిలో అలాంటివి పది పడితే కంపెనీ పేరు కొట్టేస్తారు. నిబంధనలో తప్పేమీ లేదు, ఇద్దరు లోపలికి వెళ్తే ఇద్దరు బయట కాపుండాలని లామర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ మొదటి నెలలోనే ఒక ముసలావిడ వంటింట్లో నిప్పు లేస్తే అతనొక్కడే నాలుగు నిమిషాల్లో వెళ్లి, ఆర్పి, మంచం కింద దాక్కున్న ఆవిడ పిల్లిని కూడా తెచ్చి ఒళ్లో పెట్టాడు. నెలాఖరున వచ్చిన కాగితంలో ఆ తేదీకి ఎదురుగా ‘రాలేదు’ అని ఉంది. ఒళ్లు మండిపోయింది. తడిసిన బూట్లు వారం రోజులు ఆరలేదు, రాలేదట.

ఆ తర్వాతి పిలుపుకు చెయ్యి దానంతట అదే పై వరుసకు పోయింది. సైడర్, హోస్టెటర్, కల్ప్. బతికుండగా ఒక్క పిలుపు తప్పని మనుషులు. ముగ్గురి బిళ్లలూ తన బిళ్ల పక్కన తగిలించి బయల్దేరాడు. రింగున ఎన్నుంటే పుస్తకంలో అన్ని ఎక్కుతాయి. పనయ్యాక నాలుగూ తీసి జేబులో వేసుకునేవాడు, తిరిగొచ్చి ఎక్కడివి అక్కడ తగిలించేవాడు. ఏడూ చిన్న మంటలే గనుక రింగు చూసి రాసుకునేవాళ్లు మనుషుల్ని లెక్కపెట్టలేదు, ఏడుసార్లూ ఎవరికీ అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడుసార్లూ దారిలో అతనికి ఒంటరిగా ఉన్నట్టు కూడా అనిపించలేదు.

ఎనిమిదోసారి మార్చి పద్నాలుగున బ్రెండల్ వాళ్ల ఇల్లు అంటుకుంది. వాళ్లంతా అప్పటికే బయటపడ్డారు. గాలి జోరుగా ఉంది, పంపు మొరాయిస్తోంది. ఆ కంగారులో లామర్ తన బిళ్ల తీసుకుని మీటల దగ్గరికి పరిగెత్తాడు, మిగతా మూడింటి మాట మరిచాడు. పక్క ఊరి కంపెనీ అధికారి వచ్చి రింగు అందుకుని ముగ్గురు లోపలున్నారని కేకేశాడు. పంపు హోరులో లామర్‌కు అది వినపడలేదు. కాసేపటికి మైకులో పేర్లు వినపడ్డాయి. సైడర్! హోస్టెటర్! కల్ప్! చచ్చిపోయిన వాళ్లను పేరుపేరునా పిలుస్తున్నారు. చేతులూపుకుంటూ పరిగెత్తేసరికే పక్క ఊరి కంపెనీ పిల్ల టెస్సా వాళ్లను వెతకడానికి లోపలికి వెళ్లడమూ, మెట్లు కూలడమూ అయిపోయాయి. ఇరవై మూడేళ్లు. తుంటి మూడు ముక్కలైంది. బతికింది గానీ ఇక నిచ్చెన ఎక్కలేదు. లామర్ రెండుసార్లు సూపు గిన్నె పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్లి, కారులోంచి దిగకుండానే తిరిగొచ్చేశాడు.

పన్నెండు కొట్టగానే సైరను మీట నొక్కాడు. రోజూ మధ్యాహ్నం అది పలుకుతోందో లేదో చూసుకోవాలి కదా. ఊళ్లో కుక్కలన్నీ ఎప్పటిలాగే దానితో గొంతు కలిపాయి. కొత్తగా కొండవాలున ఇళ్లు కట్టుకున్న వాళ్లలో ఎవరో ఎప్పటిలాగే కిటికీ ధడాల్న మూశారు.

ఇంటికి వెళ్లేసరికి వెర్నా ఎండు ఆపిల్ ముక్కలతో ఉడికించిన పంది మాంసం వడ్డించి ఎదురుగా కూర్చుంది. కంపెనీ పెద్ద డ్వైట్ లెషర్ పొద్దున్నే ఫోను చేశాడని చెప్పింది. పాత బిళ్లలు పొరపాటున రింగుకు చిక్కుకున్నాయని ఒక్క మాట అంటే చాలునట, బోర్డు ఆర్నెల్లు గడువిచ్చేట్టుందట.

“మరి ఏమంటావు?” అంది.

“డ్వైట్ చెప్పాడుగా.”

“డ్వైట్ ఏమంటాడో నాకెందుకు? నువ్వేమంటావని అడిగా.”

లామర్ ఆపిల్ ముక్కను కంచంలో అటూ ఇటూ తిప్పాడు. తినాలనిపించలేదు. నలభై రెండేళ్ల కాపురంలో వెర్నా ఎన్ని కంచాల మీద ఎన్ని మూతలు పెట్టిందో లెక్కలేదు. పెళ్లినాటి విందులో కూడా సైరను విని సగంలో లేచి వెళ్లిన మనిషితను.

“నేనొక్కసారి అంటుకుని ఉంటే బాగుండేది” అంది ఆమె కంచం మీద మూత పెడుతూ. “నా దగ్గరికీ నాలుగు నిమిషాల్లో వచ్చేవాడివి.”

నవ్వుతూనే అంది. అతనూ నవ్వి, కోటు వేసుకున్నాడు.

బోర్డు హాల్లో అయిదుగురు సభ్యులు బల్ల వెనక కూర్చున్నారు. పక్కన కాగితాల కట్టతో టౌన్‌షిప్ మేనేజరు జోయన్ కల్ప్ ఉంది. రే కల్ప్ కూతురు. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఊరేగింపులో లామర్ ఒళ్లో కూర్చుని గంట తాడు లాగుతూ ‘ఇంకోసారి బాబాయ్, ఇంకోసారి’ అని ప్రాణం తీసేది. మేనేజరయ్యాక డైట్రిక్ గారూ అంటోంది. ఆ నిబంధన రాసింది ఆమే. ఆమె ముందు ప్లాస్టిక్ సంచిలో మూడు బిళ్లలున్నాయి.

డ్వైట్ లేచి తన పాఠం అప్పజెప్పాడు. పాత సామాను, ఇరుకు షెడ్డు, ముసలి చేతులు, చిక్కుకున్నాయి. సభ్యులు తలలూపారు. వాళ్లకూ గొడవ అక్కర్లేదు. కొండవాలు నుంచి ఎన్నికైనాయన ఆర్నెల్లు ఇద్దామని కూడా అన్నాడు. మెడ మీద పడ్డ రాయి పక్కకు దొర్లిపోయినట్టే.

జోయన్ మాత్రం నమోదు కోసమని కాగితం తీసి మైకులో చదివింది. ఎనిమిది తేదీలు, ఒక్కో తేదీకి నాలుగు పేర్లు. ఎనిమిదోది చదువుతుంటే గొంతు కొంచెం తగ్గింది.

“మార్చి పద్నాలుగు. హాజరు, నలుగురు. డైట్రిక్. సైడర్. హోస్టెటర్. కల్ప్.” కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మా నాన్న పోయి ఆరేళ్లు. ఎనిమిదిసార్లూ చిక్కుకున్నాడా, లెషర్ గారూ?”

లామర్ కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. ఎందుకు లేచాడంటే ఆ పేర్లు మైకులో వినడం ఇది రెండోసారి, మూడోసారి వినే ఓపిక అతనికి లేదు.

“చిక్కుకోలేదమ్మా. నేనే తగిలించా. ఎనిమిదిసార్లూ నేనే. వీళ్లెవరికీ తెలీదు.”

“ఎందుకు?”

“నేనొచ్చినా రాలేదని రాస్తున్నారు” అన్నాడు. అదొక్కటే చాలదనిపించి ఇంకొంచెం వెతుక్కున్నాడు. “వాళ్లుంటే వచ్చేవాళ్లే కదా.”

హాల్లో ఎవరో దగ్గారు. జోయన్ సంచిలోంచి ఒక బిళ్ల తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

“ఆ పిల్ల మా నాన్న కోసం వెతుకుతూ లోపలికెళ్లింది, బాబాయ్.”

అయిదు చేతులు లేచాయి. కంపెనీ పేరు ఆ రోజు నుంచే కొట్టివేత. ఎనిమిది తేదీల్లోనూ ‘హాజరు’ తీసేసి ‘రాలేదు’ అని దిద్దాలి. అయిదు గంటలకు మేనేజరు వచ్చి సామాను రాసుకుని తాళాలు తీసుకోవాలి. అంతా కలిపి ఒక నిమిషం పట్టింది. ఇక మధ్యాహ్నం సైరను ఉండదు కదా అని కొండవాలాయన అడిగి రూఢి చేసుకున్నాడు. వెళ్లేటప్పుడు జోయన్ రెండు బిళ్లలు లామర్ చేతిలో పెట్టింది. మూడోది తనే ఉంచుకుంది.

బయట డ్వైట్ కారెక్కుతూ, “పెద్ద హరిశ్చంద్రుడివి బయల్దేరావు” అన్నట్టు చూశాడు. నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి నడిచినవాడు. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

లామర్ షెడ్డుకు నడిచే వెళ్లాడు. సైడర్‌నూ హోస్టెటర్‌నూ పై వరుసలో ఎవరి కొక్కేనికి వాళ్లను తగిలించాడు. కల్ప్ కొక్కెం ఖాళీగా ఉంది. కాఫీ కప్పు కడిగి బోర్లించాడు. నూనె పళ్లెం పారబోసి మళ్లీ ఇంజను కిందే పెట్టాడు, ఎవరి దగ్గరికి పోయినా అది కారుతుందిగా. వచ్చేవాళ్లకు తెలియాలని పంపు ఏ మీట దగ్గర మొరాయిస్తుందో, ఎంత లాగితే దారికొస్తుందో ఒక అట్టముక్క మీద రాసి అద్దానికి గుచ్చాడు. భుజంలో సలుపు ఇప్పుడు దవడ దాకా వచ్చింది. కింది వరుస నుంచి తన బిళ్ల తీసుకుని, మెట్టు మీద ఒకసారి ఆగి, డ్రైవరు సీటెక్కి కూర్చున్నాడు. బిళ్లను రింగుకు తగిలించాడు. ఎదురుగా తెరిచిన తలుపులోంచి వీధి కనిపిస్తోంది. పాల బండి వెళ్లింది. ఎవరో పిల్లలు సైకిళ్ల మీద అరుచుకుంటూ పోయారు. స్టార్టు చేయలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని వెర్నా మూత పెట్టిన కంచం గురించి ఆలోచించాడు. వెళ్లి తినాలి. ఒక ఊపిరి లోపలికి వెళ్లింది. అది మళ్లీ బయటికొచ్చే పని పెట్టుకోలేదు.

జోయన్ సరిగ్గా అయిదింటికి సామాను కాగితాలతో వచ్చింది. డైట్రిక్ గారూ అని పిలిచింది. తర్వాత బాబాయ్ అని పిలిచింది. మెట్టెక్కి చెయ్యి ముట్టుకుని, కిందికి దిగి ఫోను చేసింది. అలవాటు కొద్దీ టైము చూసుకుంది. అంబులెన్సు పక్క ఊరి నుంచి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అంత ఎత్తు సీట్లోంచి మనిషిని దించాలంటే నలుగురు కావాలి. వచ్చింది ఇద్దరే. జోయన్ కాళ్ల వైపు పట్టుకుంది, దారిన పోయే కొండవాలు మనిషి ఎవరో భుజం పట్టాడు.

అంబులెన్సు వాళ్లు వెర్నాకు చెప్పడానికి వెళ్లాక జోయన్ మిగిలిన పని చేసింది. గొడ్డళ్లు ఆరు, గొట్టాలు పద్నాలుగు, చెక్క పలక ఒకటి. జేబులోంచి తండ్రి బిళ్ల తీసి పై వరుసలో ఖాళీ కొక్కేనికి తగిలించింది. ఇక లామర్‌దీ దాని పక్కనే పెట్టాలి కదా అని ఇంజనెక్కి రింగు దాకా చెయ్యి చాపింది. ఇంకొకరి బిళ్ల ముట్టుకోకూడదని చిన్నప్పుడు ఇదే సీట్లో కూర్చోబెట్టి నేర్పినవాడు లామరే. చెయ్యి వెనక్కి తీసుకుంది. షెడ్డు తలుపు దించి తాళం వేసింది. లోపల, చీకట్లో, స్టీరింగు పక్కన రింగుకు ఒక్కటే ఇత్తడి బిళ్ల ఉంది, డైట్రిక్ అని.