అక్క కూర్చునే తీరు

మా బావ వయొలిన్ పట్టుకుంటే హాళ్ళు నిండిపోతాయి. బొమ్మలు మాత్రం బట్టలుతికే మెషీన్ ఉన్న గదిలో తలుపేసుకుని వేస్తాడు. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. ఇంట్లో అక్కకీ, ఆయన కారు నడిపే నాకూ తెలుసు.

కచేరీ అయ్యాక జనం ఆయన్ని ఆకాశానికెత్తేస్తారు. కారెక్కగానే అక్క కిందికి దించుతుంది. రెండో పాట సాగదీశారంటుంది, చివర్లో శ్రుతి జారిందంటుంది. బావ కిక్కురుమనకుండా విని మర్నాడు దిద్దుకుంటాడు. అదే బొమ్మ చూపిస్తే మాత్రం అక్క "బాగుంది" అని ఊరుకుంటుంది. ఆ మాటకి ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. మారాం చేసే పిల్లాడి చేతిలో బిస్కెట్ పెట్టినట్టు ఉంటుందట.

ఈ మధ్య అక్క బొమ్మే మొదలుపెట్టాడు. కిటికీ పక్కన కుర్చీలో హాయిగా వెనక్కి వాలి కూర్చున్న అక్క. అది మొదలైన దగ్గర్నుంచి బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కంచం ముందు నుంచి లేచిపోతాడు. సాధన మధ్యలో వయొలిన్ పక్కన పెట్టి ఆ గదిలోకి దూరతాడు. నిన్న కచేరీకి ముందు, వేదిక వెనక గదిలో కూడా అదే గోల.

"ఒరేయ్, పొద్దున బొమ్మ చూశావుగా. ఎక్కడ తేడా కొడుతోంది?"

"బాగుంది బావా."

"నువ్వూ అంతేనా. పోయి కారు తుడుచుకో."

ఆ తర్వాత రైలు తప్పిపోతుందన్నట్టు వాయించాడు. జనం లేచి నిలబడి ఇంకొకటి కావాలన్నారు. ఆయన దణ్ణం పెట్టి దిగిపోయాడు.

కార్లో అక్క నోరు విప్పలేదు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. వెనక సీట్లో బావ అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది.

ఇంటికి రాగానే వయొలిన్ పెట్టె భుజాన ఉండగానే బొమ్మ దగ్గరికి పరిగెత్తాడు. వెనకే అక్క, అక్క వెనక నేను.

"దీని కోసమేనా ఇవాళ పాటల్ని అలా తరిమారు?" అంది అక్క.

బావ తలూపాడు.

"సరదాకి వేసుకుంటున్నారనుకున్నా. సరదాకి వంకలెందుకని బాగుందన్నా." బొమ్మకేసి చాలాసేపు చూసింది. "ఇది నేను కాదు."

"మొహం కుదరలేదా?"

"మొహం నాదే. కూర్చోవడమే నాది కాదు. ఇంత తీరిగ్గా నేనెప్పుడు కూర్చున్నాను? మీరు వాయిస్తున్నంతసేపూ కుర్చీ అంచునే ఉంటాను, ఎక్కడ తప్పుతారోనని. మీరేమో కళ్ళు మూసుకుని వాయిస్తారు. మీకెలా తెలుస్తుంది?"

నాకు బావ మొహం చూడబుద్ధి కాలేదు. ఆయన రంగులు కలిపే కత్తి తీసుకుని బొమ్మలోని కుర్చీనీ, దానికి వాలిన వీపునీ గీకేశాడు. తడి రంగు నేల మీద ముద్దలుగా పడింది.

"కూర్చో," అన్నాడు.

అక్క స్టూలు అంచున కూర్చుంది, అచ్చం హాల్లో కూర్చున్నట్టే. బావ కుంచె తీశాడు గానీ గీత గీయలేదు. నిలవలేక అటూ ఇటూ ఒరుగుతుంటే పెట్టె ఇంకా భుజానే ఊగుతోంది. రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు.

"కదలకు," అన్నాడు.

"ముందు మీరు కదలకుండా ఉండండి," అంది అక్క.