ఫారంలో లేని ప్రశ్న

మా పాప చిన్మయి స్కూలు డబ్బాలో నేను పరాటాలు సర్దుతుంటే మా అత్తగారు పున్నమ్మ వెనకనుంచి అడిగింది. "నువ్వు బెంగుళూరు ఎలిపోతే పిల్లని ఎవులు సూస్తారమ్మా?"

పదిహేను రోజులుగా రోజుకోసారి అదే మాట. ప్రతిసారీ దొంగతనం చేసి దొరికిపోయినట్టు తల దించుకుంటున్నాను. ఆ రోజు ఆ అవసరం కూడా లేదనుకున్నాను. "వెళ్ళడం లేదులే అత్తమ్మా" అన్నాను. ఆమె నా వీపు నిమిరింది. ఎంత మంచి కోడల్నో కదా అని నాకే అనిపించింది.

నేను డాక్టర్ని. ఎయిర్‌పోర్టు దగ్గరున్న ఒక క్లినిక్‌లో పైలట్లకు వైద్య పరీక్షలు చేస్తాను. ఆకాశంలో మనిషి ఒంటికి ఏమవుతుందో చెప్పే చదువొకటుంది, ఏరోస్పేస్ మెడిసిన్. అది చదివితే ఫ్లైట్ సర్జన్, అంటే విమాన సిబ్బందికి స్పెషలిస్టు డాక్టర్ని అవుతాను. బెంగుళూరులో మూడేళ్ళు. రెండోసారి పరీక్ష రాస్తే సీటొచ్చింది. చేరతానో లేదో ఆ శుక్రవారం సాయంత్రం ఐదు లోపల మెయిలు పెట్టాలి. అంటే ఆ రోజే.

సీటొచ్చిందని చెప్పిన రోజు కలకత్తా పక్కన లిలువాలో మా రైల్వే క్వార్టర్లో, "ఏటి, ఇమానాలక్కూడా జొరాలొస్తాయేటి?" అని అత్తమ్మ నవ్వింది. "పైలట్లకి జలుబు మందు రాయడానికి మూడేళ్ళ చదువా హైమా?" అన్నాడు మా ఆయన మధుబాబు. నేను ఊరుకోలేదు. స్కూలు ఆటో ఎన్నింటికొస్తుంది, టిఫిను ఎవరు చేస్తారు, నేను నెలకి రెండుసార్లు ఏ రైల్లో వస్తాను, అన్నీ ఒక కాయితం మీద రాసిచ్చాను. మధు మొత్తం చదివి, "బాగా రాశావే, నాకేమీ పని పెట్టలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడని పొంగిపోయాను కూడా. మర్నాడు మాత్రం, "అయినా అమ్మకి కష్టం కదా" అన్నాడు. చేరడం లేదని మెయిలు రాసి, పంపడానికి చెయ్యాడక ఫోనులోనే ఉంచుకున్నాను.

ఆ ఫోనుతోనే క్లినిక్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి కెప్టెన్ సంజయ్ వచ్చాడు. బీపీ చూస్తుంటే మూడు నెలల కొడుకు ఫొటో చూపించాడు. "మరి మిష్టి ఏది?" అని మిఠాయి అడిగి, నవ్వుతూ ఫిట్ అని రాసిచ్చాను. తర్వాత కెప్టెన్ మౌమితా. కాన్పు అయ్యి, మళ్ళీ విమానం నడపడానికి పరీక్షకొచ్చింది. కళ్ళు, చెవులు, గుండె, రక్తం, అన్నీ బాగున్నాయి. సంతకానికి పెన్ను తీసి అడిగాను. "మరి పాపని ఎవరు చూస్తారు?"

ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. కానీ పెన్ను నా చేతిలో ఉన్నంతసేపూ పైలట్లు ఏది అడిగినా బుద్ధిగా జవాబు చెబుతారు. ఆమె ఫైల్లో ఈసీజీ కిందనుంచి ఒక కాయితం తీసింది. "అడుగుతారని తెచ్చాను దీదీ." భవానీపూర్ నుంచి వాళ్ళమ్మ ఎన్నింటికొస్తుంది, ఆయా ఎంతసేపుంటుంది, తను పిండిన పాలు ఫ్రిజ్‌లో ఎక్కడ పెడుతుంది, అన్నీ ఉన్నాయి. నేను దాన్ని మొత్తం చదివాను. చదివి, "జ్వరమొస్తే?" అని కూడా అడిగాను.

మౌమితా తల దించుకుంది.

ఆ దించుకోవడం నాకు తెలుసు. పొద్దున్నే వంటింట్లో నేను చేసే పని అది. గంట క్రితం ఇదే కుర్చీలో కూర్చున్న మగవాడి దగ్గర మిఠాయి అడిగిన నోటితో, ఈమెను ముద్దాయిని అడిగినట్టు అడిగాను. పున్నమ్మ గారికి చదువు లేదు, లోకం తెలీదని సరిపెట్టుకుంటూ వచ్చాను. నాకేమొచ్చింది? గబగబా సంతకం చేసి, ఆమె వెనకాలే మెట్ల దాకా వెళ్ళాను. "ఆ మాట అడక్కుండా ఉండాల్సింది, క్షమించండి" అన్నాను.

"పరవాలేదు దీదీ, అందరూ అడిగేదే" అంది ఆమె, మామూలుగానే.

తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చోలేకపోయాను. రెండు కాయితాలూ కళ్ళముందు కదిలాయి. ఆమె రాసినదాంట్లో భర్త పేరు ఎక్కడా లేదు. నేను రాసినదాంట్లోనూ లేదు. నిలబడే, ఫోనులో ఉన్న మెయిలు చెరిపేసి, చేరుతున్నానని రాసి పంపాను. అప్పటికి నాలుగున్నర.

ఇంటికొచ్చేసరికి మధు టీ తాగుతున్నాడు. జూలైలో చేరుతున్నానని చెప్పాను. అత్తమ్మ ఏదో అనబోయింది. ఏమంటుందో నాకు తెలుసు. ఆమెకంటే ముందు నేనే, మధు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక కొత్త కాయితం, పెన్ను అతని ముందు పెట్టి అడిగాను.

"పాపని ఎవరు చూస్తారు?"

ఇన్నాళ్ళకు ఆ ప్రశ్న అడగాల్సిన మనిషిని అడిగాను.