గీత తప్పిన మూడు కుట్లు

మామగారి కుడిచెయ్యి వణుకుతోందని కోడలికి మూడు నెలలుగా తెలుసు. ఆమెకు తెలిసిన సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఇద్దరూ నోరు మెదపలేదు. టీ గ్లాసు సగమే నింపి ఇవ్వడం ఆమె మొదలుపెట్టింది. సగమే ఎందుకని ఆయన అడగలేదు.

ఆయన్ని వీధిలో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. నలభై ఏళ్ళుగా తోలు సంచులూ పెట్టెలూ కుట్టి చెయ్యి తిరిగినవాడు. భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు రోడ్లమీదే ఉంటాడు. కొట్టులో మిగిలింది మామా కోడలూ. తోలు కోయడం, మిషను మీద పైకుట్టు వెయ్యడం ఆయన పని. అంచులు చెక్కి పలచబరచడం, జిగురు రాయడం, లోపలి అస్తరు కుట్టడం ఆమెది. పైకుట్టుకి ఆమెను ఏనాడూ కూర్చోనివ్వలేదు. "తోలుకి పడ్డ చిల్లూ, నోరు జారిన మాటా ఒకటేనమ్మాయ్. మళ్ళీ పూడవు" అనేవాడు.

అలాంటి సమయంలో ఒక లాయరమ్మ చుట్ట చుట్టిన తోలొకటి చంకన పెట్టుకుని కొట్టుకి వచ్చింది.

"మా అమ్మ తోళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఆఖరిగా తన చేత్తో పదును చేసిన తోలు ఇది. నువ్వు జడ్జివైన రోజున దీంతో బ్రీఫ్‌కేసు కుట్టించుకో అని అప్పట్నుంచీ బీరువాలో దాచింది. మేమంతా నవ్వేవాళ్ళం. ఇదిగో, వచ్చే నెల ప్రమాణం చేస్తున్నాను" అంది.

మేస్త్రి తోలుని బల్లమీద పరిచాడు. వాసన చూశాడు, మడిచి చూశాడు, వేలిగోరుతో గీరి చూశాడు. ముదురు గోధుమరంగు, వెన్నలాంటి నునుపు. "బంగారంలా చేసింది మీ అమ్మగారు. ఒక్క పెట్టెకి సరిగ్గా సరిపోతుంది. పొరపాటు చెయ్యడానికి మాత్రం జానెడు కూడా మిగల్దు" అన్నాడు.

కోడలు ఆయన చేతివంక చూసింది. ఈ పని వద్దనమని ఆయనకి ఎలా చెప్తుంది? ఎదురుగా నిలబడి ఆయన పరువు తియ్యగలదా?

పద్దెనిమిది రోజులు పట్టింది. పిడి బిగించారు, తాళం అమర్చారు, వెనకభాగానికి చుట్టూ పక్కపట్టీ కుట్టారు. ఆ కుట్లు మేస్త్రి పొద్దున్నే, చెయ్యి కాస్త మాట వినే వేళ చూసుకుని, ఆగి ఆగి వేశాడు. ఇక మిగిలింది ముందుభాగం. అది పట్టీకి చేరిస్తే పెట్టె పెట్టె అవుతుంది. మర్నాడే ప్రమాణం. సాయంత్రం ఐదింటికి లాయరమ్మ వస్తానంది.

రెండు గంటలకు మేస్త్రి మిషను ముందు కూర్చున్నాడు. పాత కాలి మిషను. కోడలు పక్కన నిలబడి పెట్టె బరువు రెండు చేతులా మోస్తూ ఆయన తిప్పినట్టల్లా తిప్పుతోంది. సూది కుడివైపు పైనుంచి దిగింది. టక్, టక్, టక్. కంపాసుతో గీసిన గీత మీద కుట్లు చీమలబారులా సాగాయి. ఆమె ఆయన మణికట్టునే చూస్తోంది. కింది మూల వచ్చింది. అక్కడ తోలు మడతలు పడి మందంగా ఉంటుంది. గట్టిగా పట్టాలి. గట్టిగా పట్టబోయేసరికి ఆ చెయ్యి గాలికి రేకు ఆడినట్టు ఆడింది.

సూది గీత దాటి లోపలికి పడింది. ఇంకోటి. ఇంకోటి.

ఆమె ఆలోచించలేదు. చటుక్కున అరచెయ్యి చక్రానికి అడ్డంపెట్టి ఆపేసింది. అరచేతి తోలు లేచిపోయింది.

"చెయ్యి తియ్!" ఆయన గర్జించాడు. "మిషన్ మీద చెయ్యేస్తావా? నా మిషన్ మీద?"

"మీ చెయ్యి వణుకుతోంది మామయ్యా."

ఆయన మూడు కుట్ల వంక చూశాడు. తరవాత తన చేతివంక చూసుకున్నాడు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె చేతికి గుడ్డ చుట్టుకుంది. ఏడవడానికి తీరికెక్కడ? కుట్లు విప్పింది. గీత మీదున్న చిల్లుల్లో మళ్ళీ దారం పోతుంది, పరవాలేదు. లోపలికి పడ్డ మూడే సమస్య. తడిగుడ్డ అద్ది, చెంచా వెనకతో రుద్దింది. చిన్నవయ్యాయి గాని పోలేదు. పాము కాటుకైతే రెండే గాట్లు, జడ్జిగారి పెట్టెకి ముందువైపున మూడు.

ఏదైనా ముక్క వేసి కప్పాలి. ఒక్క మూలకే వేస్తే అతుకులా ఉంటుంది, రెండు మూలలకీ వేస్తే అలంకారంలా ఉంటుంది. కానీ తోలేదీ? బల్లకింద తుక్కంతా వెతికింది. బెత్తెడు ముక్క కూడా లేదు. ఆ తోలులో ఇంకా కుట్టకుండా మిగిలింది ఒక్కటే: లోపలి జేబుకని కోసి ఉంచిన ముక్క. లాయరమ్మకి ఫోన్ చేసి అడుగుదామనుకుంది. వద్దంటే? వద్దంటే ఇంక దారే లేదు. కత్తి తీసుకుని జేబు మీద పెట్టింది.

"ఆ కత్తి కాదు. సన్నది తీస్కో."

గుమ్మంలో మేస్త్రి. కాళ్ళనిండా దుమ్ము. లోపలికొచ్చి, ఎప్పుడూ ఆమె కూర్చునే పొట్టి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

"కూర్చో. కాలు వాడకు. చక్రం చేత్తోనే తిప్పు. ఒక్కో కుట్టూ వెయ్యి."

మూల ముక్కలు రెండూ కోసి, అంచులు చెక్కి, అతికించి కుట్టేసరికి నాలుగైంది. జేబుకి తోలు బదులు అస్తరు గుడ్డే వేసి కుట్టింది. తరవాత ముందుభాగాన్ని పట్టీకి చేర్చింది. కుడివైపు పాత చిల్లుల్లోనే సూది దిగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తోలు చిరుగుతుంది. అరచెయ్యి భగభగ మండుతోంది. ఒకచోట సూది టప్పున విరిగింది. ఆమె చక్రం వదిలేసింది.

"సూదేగా విరిగింది. కొత్తది ఎక్కించు" అన్నాడాయన, తన చేతుల్ని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని.

చివరి మూలకి ఇంకా జానెడు దూరముందనగా లాయరమ్మ లోపలికొచ్చింది. చెప్పిన టైముకి పావుగంట ముందే. వెంట చేతికర్ర ఊతంతో వాళ్ళమ్మ.

"అదేంటి, మేస్త్రిగారు కదా కుట్టాలి?"

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఇప్పుడు దాన్ని మాట్లాడించకండి" అన్నాడు మేస్త్రి.

నలుగురి కళ్ళూ ఆ సూదిమీదే ఉన్నాయి. మూల తిరిగింది. చివరి కుట్టు పడింది. దారం కత్తిరించాక గాని తన ఒళ్ళు చెమటతో తడిసి ముద్దయిందని కోడలికి తెలియలేదు.

లాయరమ్మ పెట్టె అందుకుని అటూ ఇటూ తిప్పింది. "మూలలకి ఈ ముక్కలు మనం అనుకోలేదే? బాగానే ఉన్నాయనుకోండి."

ముసలావిడ తోలుమీద వేళ్ళు పోనిచ్చింది. రంగులు తాగి నల్లబడ్డ వేళ్ళవి. కుడి మూల దగ్గర ఆగాయి. "కింద ఏదో ఉందే ఇక్కడ."

"మూడు చిల్లులమ్మా" అన్నాడు మేస్త్రి. "నావి. నా చెయ్యి వణుకుతుంది. వణుకుతుందని తెలిసే కూర్చున్నాను. ఆపింది మా అమ్మాయి, సరిచేసిందీ తనే."

"జేబు తోలు అడక్కుండా కోసింది నేనండీ" అంది కోడలు వెంటనే.

లాయరమ్మ మొహం గట్టిపడింది. "నాకు ఫోన్ చెయ్యాల్సింది. అది మా అమ్మ తోలు."

"చెయ్యాల్సింది" అంది కోడలు.

ముసలావిడ చేతికర్ర బల్లకి ఆనించింది. "ఫ్యాక్టరీలో నా కత్తి జారి ఎన్ని తోళ్ళు తెగాయో లెక్కలేదే. ఒక్కటైనా మేనేజరుకి చెప్పానా? అన్నీ ఎలకలమీదకి తోసేదాన్ని. వీళ్ళు నయం."

"రేపట్నుంచి ఇలాంటివి నా ముందు ఒప్పుకోకమ్మా" అంది కూతురు. పెదవి చివర నవ్వొచ్చింది గాని, గుడ్డ జేబు చూసినప్పుడు మళ్ళీ మాయమైంది. అది ఆమెకు నచ్చలేదు, ఆ సంగతి చెప్పే వెళ్ళింది. పెట్టె మాత్రం కారు డిక్కీలో పెట్టలేదు. అమ్మ ఒళ్ళోనే పెట్టింది.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి కోడలి చేతి గుడ్డ విప్పి చూశాడు. మందు రాయబోయి, తన వేళ్ళవల్ల కాక, సీసా ఆమెకే ఇచ్చాడు.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వూ రా" అన్నాడు.

డాక్టరు అది నరాల జబ్బన్నాడు. మందులతో తగ్గుతుంది గాని పూర్తిగా పోదన్నాడు. ఆ తరవాత తోలు ఎంచడం, కొలతలు గీయించడం, తప్పులు పట్టడం ఆయన పనులయ్యాయి. తప్పులు పట్టడంలో ఏమాత్రం జాలి చూపించడు. కోడలు రెండుసార్లు అలిగి అన్నం మానేసింది కూడా. కానీ కొత్తవాళ్ళెవరైనా వచ్చి "కుట్టేది మీరేనా?" అని అడిగితే మాత్రం, ఆయన మిషనువైపు గడ్డం ఎత్తి చూపిస్తాడు.

"ఆవిణ్ణడగండి. తీరికుంటే కుడుతుంది."